మొరం బాటలు: గోలకొండకు పడమటి దారుల పూర్వచరిత్ర

హైదరాబాదు నగరమునకు పడమట, నేడు సైబరాబాదని పిలువబడు ప్రాంతమునందు, ఆదివారము తెల్లవారకమునుపే గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటల అద్దాల మేడల నడుమనుండి గుంపులు గుంపులుగా సైకిళ్ళపై బయలుదేరు యువతీయువకులు కొన్నేండ్లుగా కనబడుచున్నారు. వారిలో కొందరు నున్నని తారురోడ్డును విడిచి, గండిపేట జలాశయమునకు ఎగువనున్న పల్లెలలో ప్రవేశించి, మొరం పరచిన ఎఱ్ఱని బాటల వెంట, పొలముల ప్రక్కగా, అడవి అంచులను ఒరసికొనుచు, మూసీనది పుట్టిన అనంతగిరి కొండలదాక పోయి వచ్చుచుందురు. దీనిని వారు గ్రావెల్ రైడింగ్ అందురు. వినోదము క్రొత్తదే గాని బాటలు క్రొత్తవి కావు. ఎవరో నడిచి, ఎవరో బండ్లు తోలి, ఎవరో రాయి కొట్టి మన్ను మోసి నిలిపిన త్రోవల మీదనే ఈ క్రొత్త చక్రములు తిరుగుచున్నవి. ఆ త్రోవలు ఎట్లు పుట్టినవో, ఏయే మార్పులకు లోనైనవో, ఇంతటి మహానగరము నాలుగు దిక్కులకు పెరుగుచుండగా అవి ఏ కారణమున మిగిలినవో తెలిసికొనుట, వాని మీద సాగిపోవు వారికే గాక ఈ నగరమున నీరు త్రావు ప్రతి యొక్కరికి అవసరమని నా నమ్మకము.

ముందుగా వాహనమును గూర్చి కొంత చెప్పవలెను. గ్రావెల్ బైకు చూపునకు పందెపు సైకిలును పోలియుండును. హ్యాండిలు క్రిందికి వంపు తిరిగి యుండును. చట్రము తేలికగా నుండును. భేదమంతయు టైరునందున్నది. పందెపు సైకిలు టైరు వెడల్పు సాధారణముగా 25 మొదలు 28 మిల్లీమీటర్ల వరకు నుండగా, దీని టైరు 40 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. అందు గాలిని తక్కువ పీడనముతో నింపుటచేత, గులకరాతి మీద ఎగిరిపడక, వదులు మన్నులో జారక, నేలను పట్టుకొని పోగలుగును. ఈ వాహనము అత్యాధునికమని తలచువారు సైకిలు చరిత్రను ఒక్కమారు తిరుగవేయవలెను. 1817లో జర్మను దేశీయుడు కార్ల్ డ్రైస్ రెండు చక్రముల కొయ్యబండిని నడిపిననాడు గాని, 1885లో ఇంగ్లండునందు స్టార్లీ రోవర్ అను పేర సమానచక్రముల సైకిలును వెలువరించిననాడు గాని, 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును కనిపెట్టిననాడు గాని, లోకమునందు తారురోడ్లు విస్తరించి యుండలేదు. 1903లో ఆరంభమైన ఫ్రాన్సు దేశపు మహాపందెము చాలకాలము మన్నుబాటల మీదనే సాగినది. కావున సైకిలు మన్ను మీద పుట్టిన వాహనము. తారు దానికి తరువాత వచ్చిన సౌఖ్యము.

పాశ్చాత్య దేశములలో తారు వ్యాపించి, దానితోడనే మోటారు వాహనముల రద్దీయు వ్యాపించి, ఆ రద్దీకి వెరచినవారు మరల మన్నుబాటను వెదకికొనుచు పోగా, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఎంపోరియా పట్టణము నుండి 200 మైళ్ళ గులకబాటల పందెము 2006లో మొదలైనది. 2022లో ఇటలీలోని వెనెటో ప్రాంతమున ఈ క్రీడకు మొట్టమొదటి ప్రపంచ పోటీ జరిగినది. మన దేశమునందైతే మన్నుబాటను మరల వెదకవలసిన అగత్యమే కలుగలేదు. పాలవాడు, కల్లుగీత పనివాడు, తపాలా బంట్రోతు, బడిపంతులు దానిని ఎన్నడును విడువలేదు. నగరవాసి మాత్రమే విడిచి, మరల దానిని చేరుచున్నాడు.

బాటను తెలిసికొనవలెనన్న నేలను తెలిసికొనవలెను. సైబరాబాదు నిలిచియున్నది సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలపైన. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, వాననీటికి నాని ఆ శిల శిథిలమగునపుడు, అందలి కొంత ఖనిజము బంకమన్నుగా మారగా, కరగని స్ఫటికము రవ్వలుగా మిగులును. ఈ రవ్వయు ఆ బంకయు సహజముగా కలిసిన పదార్థమే మొరం. రవ్వ బరువును మోయును, బంక రవ్వను పట్టియుంచును. కనుకనే దానిని త్రవ్వి తెచ్చి, బాటపై జానెడు మందమున పరచి, నీరు చల్లి, దిమ్మిసతోనో రోలరుతోనో గట్టిపరచినచో తారు లేకయే మంచి బాట ఏర్పడును. వానకాలమున అది జారును. నడివేసవిలో దుమ్ము లేచి, అలలవంటి గతుకులు పడును. కార్తీకము మొదలు మాఘము వరకు, వానలో తడిసిన మన్ను ఆరి బిగిసియుండునపుడు, అంతకంటె సుఖమైన బాట సైకిలునకు వేరొకటి లేదు.

పడమటికి పోవుకొలది నేల మారును. చేవెళ్ళ దాటిన పిదప గ్రానైటు అడుగున పడిపోయి, సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట ప్రవహించి గడ్డకట్టిన లావా శిలయు, దానినుండి పుట్టిన నల్లరేగడియు పైకి వచ్చును. ఇంకను పోయి అనంతగిరి చేరినచో ఆ నల్లశిలకు పైకప్పుగా తుప్పురంగు లాటరైటు రాయి కనబడును. అక్కడి మొరం గులకలు గులకలుగా, ముదురెఱుపుగా నుండును. ఒక్క ఉదయపు ప్రయాణములో మూడు భూయుగములు చక్రము క్రింద దొరలిపోవు ఇటువంటి దారి దక్కనులో కూడ అరుదు.

ఈ దారుల తొలిచరిత్ర గోలకొండతో ముడిపడియున్నది. బహమనీ సుల్తానులు బీదరు రాజధానిగా దక్కనును ఏలుచున్న కాలమున గోలకొండ వారి రాజ్యమునకు తూర్పు స్థావరము. 1518 నాటికి కుతుబ్‌షాహీల స్వతంత్ర రాజ్యమునకు అదియే ముఖ్యపట్టణమైనది. వాయవ్యముగా బీదరునకు, నైరుతిగా బిజాపురమునకు రాకపోకలు ఈ బండల నడుమనుండియే జరిగినవి. కోటలోని జనులకు త్రాగునీరు నేటి మాధాపురము ప్రక్కనున్న దుర్గము చెరువు నుండి పోయెడిదని ప్రసిద్ధి. నేడు ఆ చెరువు మీద తీగల వంతెన వెలసి, చుట్టును వేలకొలది జనులు కంప్యూటరు కొలువులు చేయుచుండగా, ఒకనాడు ఒక మహాదుర్గపు దప్పి తీర్చిన నీరు అదియేనని తలచువారు కొందరే.

ఆ కాలమున బాటను మలచినది చక్రముకంటె ఎక్కువగా గిట్ట. బంజారాలు, అనగా మన లంబాడీలు, ఎద్దుల వీపులపై ధాన్యమును, ఉప్పును ఎత్తుకొని దక్కనునంతటిని తిరిగెడివారు. పదునేడవ శతాబ్దమున ఈ దేశమునకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, పదివేలు పండ్రెండువేల ఎద్దులు ఒక్క బిడారుగా సాగిపోవుటను తన యాత్రాగ్రంథమున వర్ణించియున్నాడు. అట్టి బిడారు ఒక కనుమను దాటవలెనన్న రోజులు పట్టెడిది. అది నడచిన చోట బాట తానుగా ఏర్పడెడిది. వారికి కావలసినవి మూడే: ఎద్దులకు గడ్డి, రాత్రి మజిలీకి నీరు, ఎక్కుట సులభముగా నున్న వాలు. కావున వారి బాటలు చెరువునుండి చెరువునకు, కొండను చీల్చక, వాలు వెంబడి చుట్టుకొని పోయినవి. గ్రావెల్ బైకుపై ఎక్కుదిగుడులు తెలిసినవాడు ఈ నేర్పును తన తొడలతోనే గుర్తించును. 1687లో ఎనిమిది మాసముల ముట్టడి తరువాత ఔరంగజేబు గోలకొండను వశపరచుకొన్నాడు. అట్టి దండయాత్రలలో సేనలకు తిండిగింజలు చేరవేసిన వారు కూడ ఈ లంబాడీలే. నగరమందలి బంజారా హిల్స్ నేటికిని వారి పేరు మోయుచున్నది.

ఆసఫ్‌జాహీ నిజాముల పాలనలో రెండు మార్పులు వచ్చినవి. మొదటిది రైలు. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము తెరువబడినది. తాండూరు, వికారాబాదు, శంకరపల్లి, లింగంపల్లి దాని వెంట స్టేషనులైనవి. దూరపు సరకు రైలెక్కుటచేత ఎద్దుల బిడారు క్రమముగా అంతరించినది. బంజారాలు తండాలు కట్టుకొని భూమిని, కూలిని ఆశ్రయించిరి. అయితే బాట నశింపలేదు, దాని ముఖము మాత్రము స్టేషనువైపు తిరిగినది. ప్రతి ఊరినుండి జొన్నలు, కందులు, బెల్లము, కట్టెలు ఎక్కించిన ఎడ్లబండ్లు స్టేషనుకు చేరవలసియుండెను; ఇనుపపట్టా తొడిగిన ఆ చక్రములు రెండు గాళ్ళు చేసిన త్రోవలే బండ్లబాటలు. నేడు శంకరపల్లి చుట్టుప్రక్కల మొరం దారులు పెక్కు ఊళ్ళనుండి వచ్చి రైలుగేటు వద్ద కలియుటకు కారణ మిదియే.

రెండవది కాగితము. మొదటి సాలార్‌జంగు మంత్రిత్వమున మొదలిడిన భూసంస్కరణలతో గ్రామముల సర్వే జరుగజొచ్చి, ప్రతి ఊరికి ఒక నక్షా తయారగుట ఆరంభమైనది. జాగీరు గ్రామములకు ఈ భాగ్యము ఆలస్యముగా కలిగినది. జాగీరులు 1949లో రద్దయినవి. నక్షాలో పొలముల హద్దులతోపాటు చెరువులు, వాగులు, శ్మశానములు, బండ్లబాటలు గూడ గీయబడినవి. అట్లు గీయబడిన త్రోవను నేటికిని తెలంగాణ పల్లెలలో నక్షాబాట అని వ్యవహరింతురు. అది ఏ పట్టాదారుని సొత్తును కాదు, ఊరందరిది. ఎద్దు నడిచి చేసిన బాటకు రాజ్యము ఒప్పుకొన్న హక్కు అది. ఈ యొక్క గీత విలువ ఎంతటిదో వ్యాసాంతమున మరల చెప్పెదను.

ఇక నీటి కథ. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన వరద హైదరాబాదును ధ్వంసము చేసినది. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. ఆరవ నిజాము మీర్ మహబూబు అలీఖాను ప్రభుత్వము ఆహ్వానింపగా మరుసటి యేడు వచ్చిన మోక్షగుండము విశ్వేశ్వరయ్య, మూసీ పరీవాహక ప్రాంతమునంతటిని శోధించి, అందలి సుమారు ఎనిమిది వందల చెరువులలో రెండు వందలకు పైగా తెగుటచేతనే వరద ఇంత ఘోరమైనదని తేల్చి, నగరమునకు ఎగువను రెండు పెద్ద జలాశయములు కట్టవలెనని సూచించెను. అందు మూసీ పైన కట్టిన ఉస్మాన్‌సాగరము 1920లో, దాని ఉపనదియైన ఈసీ పైన కట్టిన హిమాయత్‌సాగరము 1927లో పూర్తియైనవి. మొదటిదానిని జనులు ప్రక్కయూరి పేరున గండిపేట అనియే పిలుతురు. ఈ నిర్మాణములలో ఇంజనీరు నవాబు అలీ నవాజ్‌జంగు పాత్ర స్మరణీయము. వరదను ఆపుటకై పుట్టిన ఈ చెరువులు నగరమునకు త్రాగునీటి నిధులైనవి. అవి బాటలకు చేసిన మేలు అంతకంటె చిత్రమైనది; కట్టినవారు ఊహించి యుండనిది.

దానిని చెప్పుటకు ముందు సైకిలు పల్లె చేరిన విధమును చెప్పవలెను. స్వాతంత్ర్యమునకు ముందు సైకిలు దాదాపుగా విదేశీ వస్తువు. బొంబాయిలో హింద్ సైకిల్స్ సంస్థ 1939లో తయారీ మొదలిడినది. స్వాతంత్ర్యానంతరము 1949లో మద్రాసు సమీపమున టీఐ సైకిల్స్, 1951లో సోనీపటులో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో వెలసిన పిదప అది సామాన్యునికి అందినది. నల్లని బరువైన చట్రము, వెడల్పైన ఇనుప క్యారియరు, కాలికి తగులకుండ గొలుసుపై డబ్బా, చక్రమునకు ఒరసి వెలుగు నిచ్చు డైనమో — ఈ సైకిలే తెలంగాణ పల్లెలో తొలి సొంతవాహనము. కొనలేనివారికి గంటల లెక్కన కిరాయికిచ్చు సైకిల్ టాక్సీ దుకాణము ప్రతి పెద్దయూరిలో నుండెడిది. పెక్కు పిల్లలు సీటు అందక, చట్రము నడుమనుండి కాలు దూర్చి తొక్కుట నేర్చిరి.

మొయినాబాదు, చేవెళ్ళ, శంకరపల్లి ప్రాంతములు నగరమునకు పాలు, కూరగాయలు, పూలు పంపు సీమ. తెల్లవారుజామున రెండు ప్రక్కల పాలక్యాన్లు వ్రేలాడదీసికొని మొరం బాటపై కోసులకొలది తొక్కిన పాలవాడు, తాటివనమునుండి కల్లులొట్లు కట్టుకొని పదిలముగా దించుకొని వచ్చిన గౌడన్న, సంచి తగిలించుకొని ఊరూరు తిరిగిన తపాలా బంట్రోతు — వీరే ఈ దారులలో తొలి సైకిలుయాత్రికులు. గేర్లు లేవు, సన్నని టైరు, నలువది కిలోల బరువు, కొండవాలు: ఆ శ్రమను ఏ పందెపు పట్టికయు ఎక్కించుకొనలేదు. వారికొరకు మొరం పరచినవారు రాయి కొట్టుట, మన్ను త్రవ్వుట కులవృత్తిగా గల ఒడ్డెరలును, దేశమంతటను ఆనకట్టలు కాలువలు త్రవ్విన పాలమూరు కూలీలును. ఈ బాటకు వంశవృక్షము వ్రాయవలసి వచ్చినచో అందు మొదటి పేర్లు వీరివే కావలెను.

1998 నవంబరులో ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాధాపురమున సైబర్ టవర్సును ప్రారంభించుటతో ఈ సీమ భాగ్యము మారినది. అంతకుముందు గచ్చిబౌలి యనిన 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయపు విశాల ప్రాంగణమును, గొఱ్ఱెలు మేయు కంచలును, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండలును మాత్రమే. కంచలు పోయినవి; బండలు పగులగొట్టబడినవి. 1996లో ఏర్పడిన శిలాసంరక్షణ సంఘము, దాని తోడివారు పోరాడుటచేతను, పట్టణాభివృద్ధి నిబంధనలలో కొన్ని శిలలు వారసత్వసంపదగా చేర్చబడుటచేతను, విశ్వవిద్యాలయమందలి పుట్టగొడుగు బండవంటివి కొన్ని దక్కినవి. 2008లో గచ్చిబౌలినుండి శంషాబాదు వరకు బాహ్యవలయ రహదారి తొలిభాగము తెరువబడినది. 2023లో కోకాపేటలో వేలమున ఎకరము 100 కోట్ల రూపాయలకు పైబడి పలికినది.

ఈ పరుగులోనే, దినమెల్ల తెరముందు కూర్చుండు ఉద్యోగులలో సైకిలుపై ప్రీతి పుట్టుట సహజ పరిణామము. 2007లో హైదరాబాదు బైసికిలింగ్ క్లబ్ ఏర్పడినది. తరువాత, 1904లో పారిసునందు పుట్టిన అడాక్స్ సంఘపు నియమముల ననుసరించి, 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగింపవలసిన దూరయాత్రలు ఇచ్చట నెలకొన్నవి. ఇవి తారుమీది యాత్రలు. వీనియందు ఆరితేరినవారు లారీల రద్దీని విడిచి ప్రక్కదారులను అన్వేషింపగా, వారికి దొరకినవి పాలవాని బాటలు. వెడల్పు టైరు సైకిళ్ళు దుకాణములకు వచ్చుటకు ముందే, సామాన్యపు పర్వత సైకిళ్ళపై ఈ అన్వేషణ మొదలైనది.

నగరము ఇంతగా ప్రబలుచుండగా, దాని నడిబొడ్డు నుండి గంట తొక్కినంతలో మొరం బాట ఎట్లు దొరకినది? ఈ ప్రశ్నకు సమాధానము ఆ రెండు చెరువులలో నున్నది. 1996 మార్చి 8వ తేదీన ప్రభుత్వము 111వ సంఖ్య గల ఉత్తర్వును వెలువరించి, ఉస్మాన్‌సాగర హిమాయత్‌సాగరములకు 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో, సుమారు 1,32,000 ఎకరములందు, కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస సముదాయములను నిషేధించినది. నూనె కర్మాగార మొకటి ఈ పరిధిలో వెలయబోగా వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయి, నీటిని కాపాడుటయే న్యాయమని తీర్పు వచ్చినది. ఉత్తర్వులో సైకిలు పేరు లేదు, బాట పేరు లేదు. త్రాగునీటికి గీసిన ఆ గీత లోపల పొలము పొలముగా నిలిచినది. పొలము నిలిచినందున బండ్లబాట నిలిచినది. తూర్పున సైబర్ టవర్సు, పడమట ఎడ్లబండి — ఈ రెంటి నడుమ పది పదునైదు కిలోమీటర్ల దూరమే యుండుటకు 1908 నాటి వరద మూలకారణము.

ఆ గీత లోపల సాగు దారిని ఒక్కమారు మనసార చూడుడు. వట్టినాగులపల్లి దాటి ఖానాపురము, జన్వాడ, మీర్జాగూడల మీదుగా పోవునపుడు కుడిప్రక్కన జొన్నచేలు, ఎడమప్రక్కన నీటి మెరుపు. చిలుకూరు వద్ద బాలాజీ ఆలయమును, మృగవని అడవియును. ఆపైన బిజాపురపు రాదారి వెంట చేవెళ్ళ మఱ్ఱులు: మొయినాబాదు నుండి మన్నెగూడ వైపు తొమ్మిది వందలకు పైగా మహావృక్షములు బాటకు పందిరి వేసి నిలిచియున్నవి, నిజాము కాలపు బాటసారులకై నాటించినవని ప్రతీతి. రహదారి విస్తరణకు అవి అడ్డమనుట మొదలైన నాటినుండి ప్రకృతిప్రియులు హరిత న్యాయస్థానము వరకు పోయి వానికై పోరాడిరి. అచటినుండి నల్లరేగడి పొలముల నడుమ వికారాబాదునకు, అటనుండి అనంతగిరికి. టేకు, మద్ది, తునికి, మోదుగ పెరిగిన ఆకురాల్చు అడవి. మాఘ ఫాల్గుణములలో మోదుగ పూచినపుడు బాటయు చెట్టును ఒకే రంగున నుండును. అనంతపద్మనాభస్వామి ఆలయమునకు సమీపమున పుట్టిన మూసీ తూర్పుగా 240 కిలోమీటర్లు పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. ఆ కొండలకు మరియొక ప్రక్క జారిన నీరు కాగ్నానదియై పడమటికి పోయి భీమను చేరును. వాననీటిని రెండు దిక్కులకు పంచు ఆ గట్టుమీద నిలిచిన యాత్రికుడు, తన నగరము ఏ నీటితో బ్రతికినదో ఆ నీటి పుట్టుకను కన్నులార చూచినవాడగుచున్నాడు. గ్రావెల్ రైడింగునకు ఇంతకుమించిన ఫలము నేనెరుగను.

ఇప్పుడు ఈ సంపద సడలుచున్నది. 2022 ఏప్రిలులో 69వ సంఖ్య గల ఉత్తర్వుతో 111వ ఉత్తర్వు నిబంధనలు సడలింపబడినవి. వికారాబాదు దాపున పూడూరు వద్దనున్న దామగుండము అడవిలో సుమారు 2,900 ఎకరములను నౌకాదళపు అతితక్కువ పౌనఃపున్య రేడియో ప్రసార కేంద్రమునకు కేటాయించి 2024 అక్టోబరులో శంకుస్థాపన చేసిరి. దేశరక్షణకు కేంద్రము కావలసినదే, కాని మూసీ తలాపున అడవి పోవుట నష్టము కాదనలేము. 2025 మార్చి చివర గచ్చిబౌలి కంచలో 400 ఎకరముల చెట్లను తొలగించుటకు యంత్రములు దిగగా, విద్యార్థులు ఎదిరించిరి. ఏప్రిలు 3వ తేదీన సుప్రీంకోర్టు పని నిలుపుమని ఆజ్ఞాపించునప్పటికి సుమారు 100 ఎకరములు నేలమట్టమైనవి. నెమళ్ళు, జింకలు తిరిగిన ఆ కంచ సైబరాబాదు నడుమ మిగిలిన చివరి పాతనేలలలో నొకటి.

ప్రభుత్వము సైకిలును మరచినదని చెప్పుట అన్యాయము. 2023 అక్టోబరు 1వ తేదీన బాహ్యవలయ రహదారి ప్రక్కన, నానక్‌రాంగూడ నుండి పోలీసు అకాడమీ వైపునకును, నార్సింగి నుండి కొల్లూరు వైపునకును, 23 కిలోమీటర్ల పొడవున, నాలుగున్నర మీటర్ల వెడల్పున సైకిలుదారి తెరువబడినది. దానికి కప్పుగా వేసిన సౌరఫలకములు 16 మెగావాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేయుటకు ఉద్దేశింపబడినవి. స్త్రీలు, పిల్లలు, క్రొత్తగా నేర్చువారు లారీ భయము లేక తొక్కుటకు అది గొప్ప వసతి. దానిని హృదయపూర్వకముగా మెచ్చుకొనుచున్నాను. అయినను కట్టిన దారి వేరు, వారసత్వముగా వచ్చిన దారి వేరు. మొదటిదానిని ధనము వెచ్చించి ఎన్ని మారులైన కట్టవచ్చును. రెండవది ఒక్కమారు ప్రహరీగోడలో కలిసినచో తిరిగి రాదు.

ఇటలీలోని టస్కనీ సీమలో ఇట్టి ఆపదయే వచ్చినది. ద్రాక్షతోటల నడుమ తెల్లసున్నపురాతి బాటలు ఒక్కొక్కటిగా తారుక్రింద మాయమగుచుండగా, జాన్‌కార్లో బ్రోచి అను నాయన 1997లో గాయోలె అను చిన్నయూరినుండి పాతకాలపు సైకిళ్ళతో ఎరోయికా అను యాత్రను నడిపెను. యాత్ర ఉత్సవమైనది; దానినుండి 2007లో వృత్తిపందెము పుట్టినది; తెల్లబాటలు ఆ సీమకు గౌరవచిహ్నములై, వానిని కాపాడవలెనను పట్టుదల ప్రజలలో స్థిరపడినది. మన మొరం బాట ఆ తెల్లబాటకు ఏ విధమున తక్కువ? దానికంటె పాతనేల మనది. గోలకొండ, బంజారా, రైలు, వరద అను నాలుగు చరిత్రలు మనవి.

కావున ఈ బాటలపై సాగు సోదరీసోదరులకు నా మనవి రెండు విధములు. చేనిగట్టు మీద పోవునపుడు రైతును పలుకరించి పొండు. పంట నడుమ త్రోవ తీయకుడు. వాన వెలిసిన మరునాడు మెత్తని బాటపై గాళ్ళు పడునట్లు గుంపుగా తొక్కకుడు. అడవిలో అనుమతి లేని చోట చొరబడకుడు. తినిన పొట్లము కాగితమును తిరిగి తెచ్చుకొనుడు. ఇది నడవడి. దీనికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మీరు తొక్కు బాట నక్షాలో నున్నదా లేదా అని తెలిసికొనుడు. మీ చేతిలోని ఫోను మీరు పోయిన దారిని గీయుచున్నది. ఆ గీతను గ్రామ నక్షాతో పోల్చి, ఎక్కడ బాట మూయబడినదో, ఎక్కడ ప్రహరీ లేచినదో గ్రామపంచాయతికిని, తహశీల్దారునకును వ్రాతమూలకముగా తెలుపుడు. ప్రభుత్వమును కోరవలసినది గూడ ఇంతియే: ఉస్మాన్‌సాగర హిమాయత్‌సాగరముల పరీవాహక ప్రాంతమున నున్న నక్షాబాటలన్నింటిని కొలిచి, రాళ్ళు పాతి, అవి కాలినడకకు, ఎడ్లబండికి, సైకిలునకు ఎల్లకాలము తెరచియుండునట్లు ప్రకటింపవలెను. అందుకు క్రొత్తగా భూమి కొననక్కరలేదు. ఆ భూమి ఏనాటినుండియో ఊరందరిది.